మా యారాలి జడ

మా యారాలి జడ మీద నా కన్ను ఆమె కొత్త కోడలిగా మా ఇంటికి వచ్చిన రోజే పడింది. యారాలంటే మా వైపు తోడికోడలు, నా మరిది భార్య. పూలు పెట్టకపోయినా నడుము దాటి వేలాడే జడ ఆమెది. నాది బెత్తెడు. నేను డీఎస్సీ రాసి గవర్నమెంటు టీచరునైనదాన్ని. ఆమె ఏడో తరగతిలో బడి మానేసి మిర్యాలగూడ రైసు మిల్లులో వడ్లు ఆరబోసే పనికి పోయిన మనిషి. అయినా మా ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆమె జడ గురించే మాట్లాడేవాళ్ళు. మా అత్త అయితే ఆదివారం పూట ఆమెను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసేది. నాకు ఒక్కనాడూ రాయలేదు. నువ్వు అడగలేదేమో అంటారా? అడిగితే రాసే నూనెకు విలువేముంటుంది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నా సంగతి ఇంకా అన్యాయం. మా అత్త కొట్టిందీ లేదు, యారాలు నవ్విందీ లేదు. నేను మాత్రం ఏడుస్తూనే ఉన్నాను.

రెండువేల తొమ్మిదిలో గరిడేపల్లిలో చుట్టాలింటికి తొట్టెల ఫంక్షనుకు, అంటే బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుకకు పోయి వస్తుంటే మా ఆటో సాగర్ కాలవలో పడింది. పట్టపగలు. కాలవ నిండా నీళ్ళు. నేనూ యారాలూ కాక ఆటోలో ఇంకో ఏడెనిమిది మంది, అందరూ కూలికి పోయి వస్తున్నవాళ్ళే. నా ఎడమ చేతికి గట్టు మెట్ల పక్కన ఇనుప కడ్డీ దొరికింది. కుడి చేతికి ఆమె జడ దొరికింది. నాకు గుర్తున్నది అంతే. గట్టు మీది వాళ్ళు చీరలు ముడేసి విసిరేదాకా నేను ఏదీ వదల్లేదు. పైకి లాగాక నా పిడికిలి విప్పడానికి ఇద్దరు మనుషులు పట్టారట. ఆటోలో ఒక పెద్దాయన దక్కలేదు. ఆయనెవరో మాకు తెలియదు. చోటు చాలడం లేదని దారంతా నా బ్యాగు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత మా యారాలికి నిద్ర కరువైంది. నల్లా తిప్పితే ఉలిక్కిపడేది. తల మీద చెంబెడు నీళ్ళు పోసుకోలేక తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకునేది. నాకేమో ఏమీ కాలేదు. అన్నం తిన్నాను, పడుకున్నాను, వారం తిరగకుండా కోదాడ దగ్గర నా బడికి బస్సెక్కి పోయాను. సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గర నిలబడ్డానో లేదో, కుడి చేతి వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయి పిడికిలి బిగుసుకుంది. సుద్దముక్క లోపలే పొడైంది. పిల్లలు అది ఆట అనుకుని నవ్వారు.

సూర్యాపేటలో ఎక్స్‌రే తీయించాను. నరాల డాక్టరుకు చూపించాను. ఎముక బాగుందన్నారు, నరం బాగుందన్నారు. అన్నీ బాగుంటే చెయ్యి ఎందుకు బాగలేదో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఎడమ చేత్తో రాయడం మొదలుపెట్టాను. రెండో తరగతి పిల్లల రాత నాకంటే నయం. మా హెడ్మాస్టరు మంచాయనే, కానీ ఎన్నాళ్ళమ్మా ఇట్లా అని అడుగుతూనే ఉండేవాడు. ఎన్నాళ్ళంటే నేనేం చెప్పను? ఆ ఉద్యోగం ఒక్కటే ఆ ఇంట్లో నాకున్న గొప్ప. అది పోతే నేను బెత్తెడు జడ ఉన్న పెద్ద కోడలిని, అంతే.

అప్పుడే హైదరాబాదు నుంచి ఒక మేడం వచ్చింది. కాలవలో పడి బతికిన మా కోసం, అట్లాంటి దెబ్బలు తిన్న మిగతావాళ్ళ కోసం సూర్యాపేటలో ఒక కమ్యూనిటీ హాలు మాట్లాడి, భయం పోగొట్టుకునే ఒక పద్ధతి ప్రతి ఆదివారం ఊరికే నేర్పిస్తానంది. భూకంపాలొచ్చిన దేశాల్లో, యుద్ధాలు జరిగిన చోట్ల బీదవాళ్ళకు ఈ పద్ధతి నేర్పుతున్నారట. డబ్బున్నవాళ్ళకే అందే వైద్యం నాట్లేసే ఆడవాళ్ళకు ఎందుకు అందకూడదన్నది ఆమె పట్టుదల. జరిగిన కథ చెప్పమని మమ్మల్ని అడగలేదు. భయం ఒంట్లో ఇరుక్కుంటుంది, ఒంట్లోంచే దాన్ని పోనివ్వాలి అంది. గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి నిలబడమనేది. కాసేపటికి తొడలు వణుకుతాయి. అప్పుడు చాప మీద పడుకుని, ఆ వణుకును ఆపకుండా రానివ్వమనేది. తెలియనివాళ్ళు చూస్తే ఇదేం వైద్యమని నవ్విపోతారు. నేనూ నవ్వాను, లోపల.

రెండో ఆదివారమే మా యారాలికి వణుకు వచ్చింది. కాళ్ళలో మొదలై నడుముకు ఎక్కి భుజాల దాకా పాకింది. పక్కనున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. మా దిక్కు ఒళ్ళు అట్లా ఊగితే దానికి ఒకటే అర్థం, శిగం వచ్చిందని, అంటే అమ్మవారు పూనిందని. ఒకామె ఉరికిపోయి వేపమండ విరుచుకొచ్చింది. ఇంకొకామె ఎక్కడ దొరికిందో పసుపు నీళ్ళు తెచ్చి చల్లింది. మాకు తోడుగా వచ్చిన మా అత్త చేతులు జోడించి, "ఏం తల్లీ, ఏం గావాలె నీకు? మా సిన్నోనికి మిల్లుల నౌకరి పక్కా అయితదా?" అని అడిగింది. మేడం అందరికీ నచ్చజెప్పేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. అమ్మవారు కాదమ్మా, ఆమె ఒంట్లోని భయమే బయటికి పోతోంది, అడ్డు రాకండి అంది. మా అత్త వింటేగా. కోడలి కాళ్ళకు దండం పెట్టింది. నా కళ్ళ ముందే, ఆమె కాళ్ళకు. నా కడుపు ఎంత మండిందో ఆ అమ్మవారికే తెలియాలి.

ఆ రోజు ఇంటికొచ్చి యారాలు మధ్యాహ్నం పడుకుంటే పొద్దుగూకేదాకా లేవలేదు. నెల తిరిగేసరికి తల మీంచి నీళ్ళు పోసుకుంది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నట్టే ముఖం పెట్టాను.

నాకు మాత్రం వణుకు రాలేదు. ఆ గోడకు ఎన్ని ఆదివారాలు ఆనుకున్నానో. మిల్లు పనివాళ్ళకు వచ్చింది, కూరగాయలమ్మే ఆమెకు వచ్చింది, అరవై దాటిన ముసలామెకు వచ్చింది. ఎం.ఏ. చదివిన నాకు రాదు. చివరికి ఒకనాడు సిగ్గు విడిచి నటించాను. చాప మీద పడుకుని మోకాళ్ళు నేనే ఆడించాను. పక్కవాళ్ళు వచ్చిందొచ్చింది అని సంబరపడ్డారు. నేను ఒక కన్ను తెరిచి చూస్తే యారాలు నా వైపే చూస్తోంది. ఆమెకు తెలిసిపోయింది. ఎవరితోనూ అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని. అనకపోవడం ఇంకా కాల్చింది. పై ఆదివారం నుంచి పోవడం మానేశాను. పని ఉందన్నాను.

ఇంకో ఏడాదికి మేడం కోదాడలో, మిర్యాలగూడలో కూడా ఇది మొదలుపెట్టాలనుకుంది. తను ఒక్కతే ఎన్ని ఊళ్ళు తిరుగుతుంది? ఇక్కడి మనిషికే నేర్పి, ఆమె చేత నేర్పించాలంది. నన్నే పిలుస్తుందని ఎదురుచూశాను. సైకాలజీ పుస్తకాలు చదివింది నేను, పాఠం చెప్పడం వృత్తిగా ఉన్నది నాకు. మేడం మా యారాలిని ఎంచుకుంది. ఆమె మాట ఆడవాళ్ళు వింటారట. నిజమే, విన్నారు. వాడపల్లి దిక్కు నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. యారాలు కోదాడలో బడి కోసం నేను తీసుకున్న కిరాయి గదిలోనే దిగి, నా పొయ్యి మీదే చాయ్ పెట్టుకుని, నాకు రాని విద్య ఊరందరికీ నేర్పి పోయేది.

అన్నిటికన్నా నన్ను పొడిచింది కంప్యూటరు రోజు. వేరే దేశంలో వరదలకు ఊళ్ళు కోల్పోయిన ఆడవాళ్ళకు మా యారాలు కంప్యూటరు తెర మీంచి నేర్పాలని మేడం ఏర్పాటు చేసింది. ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నన్ను కూర్చోబెట్టారు. యారాలు జడ ముందుకేసుకుని, భయపడకుండా, "సిగ్గువడకుండ్రి, కాళ్ళు ఏమంటున్నయో ఇనుండ్రి" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. అవతల చాపల మీద ఆడవాళ్ళు వణికారు, ఏడ్చారు, లేచి తెరకు చేతులు జోడించారు. ఆమెకే జోడించారు. మాటలు నావి, దండాలు ఆమెకు. నా కుడి చెయ్యి బల్ల కింద పిడికిలి బిగుసుకుని ఉంది.

రెండువేల పదమూడులో మెడికల్ బోర్డు ముందు హాజరు కమ్మని నాకు కాగితం వచ్చింది. నల్లబోర్డు మీద రాయలేని టీచరును ఏం చేయాలో వాళ్ళు తేలుస్తారు. ఆ కాగితం పట్టుకుని ఆదివారం మధ్యాహ్నం మిర్యాలగూడలో మా అత్తగారింటికి పోయాను. యారాలు తలంటుకుని వాకిట్లో పీట వేసుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. అది చూడగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నా ఉద్యోగం పోతుంటే ఈమె జుట్టు ఆరబెట్టుకుంటోంది. నోటికొచ్చినట్టు తిట్టాను. దేశదేశాలోళ్ళను బాగుచేస్తవ్, ఇంట్లో ఉన్నదాన్ని నాలుగేళ్ళుగా సూస్తున్నవ్, నాకెందుకు చెయ్యవ్ అని అడిగాను.

"నువ్వు అడగలే అక్కా," అంది. "అడగకుంట ఎవ్వరి ఒంటిమీద చెయ్యి ఎయ్యొద్దని మేడం జెప్పింది. ఇప్పుడు అడిగినవ్ గదా, కూసో."

గోడ దగ్గర నిలబెడుతుందనుకున్నాను. అట్లా చేయలేదు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, తను కింద నాకు వీపు పెట్టి కూర్చుంది. తడి జుట్టంతా పాయగా తిప్పి నా కుడి చేతిలో పెట్టింది. తడి వెంట్రుకలు తగలగానే నా వేళ్ళు అడగకుండానే బిగుసుకున్నాయి. చల్లగా నీళ్ళు మోచేతి దాకా కారాయి. నాకు కాలవ నీళ్ళ వాసన వచ్చింది. నేను గట్టిగా లాగి ఉంటాను, ఆమె తల వెనక్కి వచ్చింది. అప్పుడు చూశాను. నడినెత్తికి కాస్త వెనక, పాపిడి పక్కన, రూపాయి బిళ్ళంత చోట వెంట్రుకే లేదు. నున్నటి మచ్చ. ఆ రోజు నా చెయ్యి పెరికిన చోటు. ఇన్నేళ్ళుగా నేను కుళ్ళుకున్న ఆ జడను ఆమె నాలుగేళ్ళుగా రోజూ ఆ మచ్చ మీంచి దువ్వి అల్లుకుంటోంది. ఒక్కనాడూ చెప్పలేదు.

ఆమె వెనక్కి తిరగలేదు. నొప్పి అనలేదు. మెల్లగా, పిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

"నేను ఒడ్డుకొచ్చిన అక్కా. సూడు, గీడనే ఉన్న. నువ్వు నన్ను ఇడువలే. ఇగ ఇడువు."

ముందు బొటనవేలు వణికింది. తర్వాత మణికట్టు, మోచెయ్యి, భుజం. ఇన్ని ఆదివారాలు గోడకు ఆనుకుంటే రానిది ఇప్పుడు పళ్ళు టకటకమనేంతగా వచ్చింది. నేను గొంతెత్తి ఏడ్చాను. ఆ బ్యాగు పట్టుకున్న పెద్దాయన కోసం కూడా ఏడ్చాను. మా అత్త లోపలి నుంచి వచ్చి చూసి, ఈసారి వేపమండ కోసం ఉరకలేదు. నా పక్కన కూర్చుంది. ఎంతసేపటికో నా వేళ్ళు ఒకటొకటే విచ్చుకున్నాయి. అరచేతిలో గోళ్ళు దిగిన గుర్తులు నాలుగు ఉన్నాయి.

మర్నాడు బడిలో నల్లబోర్డు మీద కుడి చేత్తో అ ఆ రాశాను. వంకరగా వచ్చాయి, కానీ వచ్చాయి. మెడికల్ బోర్డు వాళ్ళు నా చేత రెండు పేజీలు రాయించుకుని, ఉద్యోగంలో ఉండమని పంపేశారు.

కానీ నాకు ఎక్కువ గుర్తున్నది ఆ ఆదివారం సాయంత్రమే. జుట్టు ఆరాక, నేనే అల్లుతానన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది గానీ కూర్చుంది. విచ్చుకున్న ఆ వేళ్ళతో మూడు పాయలు తీసి, ఆ మచ్చ కనపడకుండా దువ్వి, చివరిదాకా అల్లాను. చాలాసేపు పట్టింది. బాగా కుదిరింది. మా అత్త చూసి, ఎన్నడూ ఇంత మంచిగ రాలేదు నీ జడ అని మెచ్చుకుంది. యారాలు అద్దంలో అటు తిరిగి ఇటు తిరిగి చూసుకుని మురిసిపోయింది. నాకు మళ్ళీ కొంచెం కడుపు మండింది.