బొద్దమ్మ రాని పొద్దు

మా అక్క రేడియోలో పొద్దుటి వార్తలు చదువుతుంది. ఆ వార్తలు టైపు చేసేది నేను. ఊరంతా తన గొంతు వింటూ పళ్ళు తోముకుంటుంది, నేనొకదాన్ని ఉన్నానని మాత్రం ఎవరికీ తెలీదు. పోనీలెండి, ఆ గొంతంటే నాకూ ప్రాణమే. తన మొండితనమే నా చావుకొచ్చింది.

స్టూడియోలో ఎలాగో ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు తగ్గిందన్న సంగతి కూడా దేశానికి ప్రకటించినట్టే చెబుతుంది. మా బావ చెయ్యెత్తి "వార్తలు సమాప్తం" అంటే తప్ప ఆగదు. పైగా చేతులు ఊపకుండా మాట పెగలదు. అందుకని స్టూడియోలో తన పక్కన కూర్చుని, తెరమీద వార్తలు పైకి జరిపే మీట నొక్కే పని కూడా నా నెత్తినే పడింది.

నలభై దాటాక అందరికీ వచ్చేదే మా ఇద్దరికీ వచ్చింది. దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం మొదలెట్టాయి. నేను బుద్ధిగా కళ్ళజోడు పెట్టుకున్నాను. అక్క ససేమిరా అంది.

"జోడు ముక్కుని నొక్కుతుందే. ముక్కు నొక్కితే గొంతు మారుతుంది. గొంతు మారితే ఇంక నేనెందుకూ?"

ఏం చెబుతాం? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. తప్పంతా అక్షరాలదేనని తేల్చేసింది. కంప్యూటరుతో పాటే వచ్చే ఫాంటు ఒకటుంటుంది కదా, కొనక్కర్లేదు, ఎక్కించక్కర్లేదు, ఏ కంప్యూటరు తెరిచినా పిలవకుండా పలికేది. దానికి పీలమ్మ అని పేరు పెట్టింది. "ఒంట్లో రక్తం లేదు దీనికి. ఒత్తులు చూడు, కింది వరస తలకట్లకి తగులుకుని ఎలా చస్తున్నాయో!" అని రోజూ తిట్టేది. ఒత్తుల విషయంలో కొంత నిజం లేకపోలేదు.

చివరికి నేనే ఎక్కడో వెతికి, లావుపాటి ఫాంటొకటి తెచ్చి నా కంప్యూటర్లోనూ స్టూడియో కంప్యూటర్లోనూ ఎక్కించాను. అదే బొద్దమ్మ. దాన్ని గుమ్మడికాయంత సైజులో పెడితే తెరమీద నాలుగు వరసలే పట్టేవి. మీట నొక్కీ నొక్కీ నా వేలు అరిగిపోయేది. అక్క మాత్రం "ఇదీ, అక్షరమంటే!" అని మురిసిపోయింది.

తర్వాత్తర్వాత ఇంకో అలవాటు చేసుకుంది. వార్తల టైముకి ముందు వేణ్ణీళ్ళ గ్లాసుతో నా గదికొచ్చి, కళ్ళు మూసుకుని కూర్చునేది. "అన్నీ ఓసారి పైకి చదవవే. నీ టైపు తప్పులు నీకే దొరుకుతాయి" అనేది. నా పని మీద ఈవిడ పెత్తనమేమిటని ఒళ్ళు మండేది. తిట్టుకుంటూనే చదివేదాన్ని.

ఇంతలో మా స్టేషనుకి కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. వార్తలు చదివేవాళ్ళందరినీ ఒక్కో రోజు తనే స్వయంగా వింటుందట. తడబడినవాళ్ళకి ఇక వార్తలుండవు, పాటల మధ్య ప్రకటనలే. అక్క వంతు వచ్చింది. పైకి "విననీ, నాకేం భయం?" అందిగానీ ముందురోజు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూనే ఉంది. "ఆ కుర్చీ పోతే నేనేమైపోతానే?" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. "నోర్ముయ్, నీ కుర్చీ ఎవరు లాక్కుంటారు?" అని కసిరాను.

మర్నాడు ఎప్పట్లాగే అన్నీ టైపు చేశాను, పైకి చదివాను, అక్క కళ్ళు మూసుకుని వింది. సరిగ్గా స్టూడియోలోకి వెళ్ళబోతుండగా ఫోన్లో ఓ వార్త వచ్చింది. గబగబా అదీ కొట్టి చివర తగిలించి పరిగెత్తాను.

వెళ్ళి చూద్దును కదా, స్టూడియోలో పాత కంప్యూటరు లేదు! రాత్రికి రాత్రి కొత్తది పెట్టేశారు. నేను పంపిన మాటలైతే తెరమీద ఉన్నాయి. బొద్దమ్మ మాత్రం రాలేదు. కూర పంపిస్తే గిన్నె కూడా వెళ్ళినట్టు, వార్తతో పాటు ఫాంటూ వెళ్తుందనుకున్నాను కాబోలు, నా మొహం! కొత్త కంప్యూటరు నేను పెట్టిన లావునీ, సైజునీ లెక్కచెయ్యకుండా అంతా తన సొంత అక్షరాల్లో చూపిస్తోంది. తెరనిండా పీలమ్మే. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సైజు పెంచుదామని చెయ్యి చాపేలోగా ఎర్రలైటు వెలిగింది.

అక్క మొదలెట్టింది. మొదటి వార్త గంట కొట్టినట్టు పలికింది. రెండోదీ అంతే. ఒక్క అక్షరం తడబడలేదు. ఓసి నీ అసాధ్యం కూలా, పీలమ్మని ఇంత చక్కగా చదవగలిగినదానివి, ఇన్నేళ్ళూ నా చేత ఎందుకీ చాకిరీ చేయించావే అని పళ్ళు నూరుకున్నాను.

చివరి వార్త దగ్గర ఆగిపోయింది.

అది నేను పైకి చదవని వార్త. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. నా టైపు తప్పులూ లేవు, పాడూ లేవు. రోజూ నా నోట విని, మొత్తం గుర్తుపెట్టుకుని, తెర వైపు చూస్తూ అప్పజెబుతోంది. బొద్దమ్మ కూడా ఎన్నాళ్ళుగా కనబడటం లేదో!

గాజు అవతల ఇంజనీరు కళ్ళు పెద్దవి చేశాడు. ఎన్నడూ ఎవరినీ సాయం అడగని మా అక్క, నావైపు చూడకుండానే చెయ్యి చాపింది. నా ముక్కుమీది జోడు తీసి ఆ చేతిలో పెట్టాను.

"జంతుశాల నుంచి తప్పించుకున్న నెమలి... బస్సు డిపోలో దొరికింది. డ్రైవర్లు దానికి మరమరాలు పెడుతున్నారు."

అదే గొంతు. ఇసుమంత కూడా మారలేదు. ఇప్పుడు తెర నాకు కనబడదు, మీట ఎప్పుడు నొక్కాలో తెలీదు. అక్కే బల్లకింద కాలితో నన్ను తన్నుతూ నొక్కించింది.

ఎర్రలైటు ఆరగానే డైరెక్టరమ్మ లోపలికొచ్చింది. "చివర్లో ఆ చిన్న విరామం ఎంత బాగుందండీ! ఏం చెబుతారోనని ఊపిరి బిగబట్టాను. పొద్దుటి వార్తలు మీరే చదవాలి."

"ముక్కుమీద కాస్త బరువుంటే గొంతు నిలకడగా ఉంటుందండీ" అంది మా అక్క, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఆవిడ వెళ్ళాక ఇద్దరం గోడకి చేరబడి కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే అక్క కళ్ళు తుడుచుకుంది. "ముందే చెప్పొచ్చుగా?" అన్నాను. "నువ్వు చదువుతుంటే వినడం బాగుండేదే" అంది.

జోడు మాత్రం తిరిగివ్వలేదు. మర్నాడు వేణ్ణీళ్ళ గ్లాసుతో నా గదికొచ్చి, "ఇవాళ నేను చదువుతా, నువ్వు కళ్ళు మూసుకుని విను" అని నా కుర్చీలో కూర్చుంది. జోడుంది కదా, తెరమీద ఇప్పుడు పీలమ్మే. రెండు వరసలు చదివిందో లేదో, జోడు పైనుంచి నన్ను గుడ్లురిమి చూసింది.

"ఏమే, ఇన్నాళ్ళూ ఇన్ని తప్పులతోనా నాకు వార్తలు కొట్టిచ్చింది?"