రత్నం అన్న ఆరు గంటలు

నిన్న పొద్దున ఫ్యామిలీ గ్రూప్‌లో మెసేజ్. "రత్నం అన్న ఇక లేడు."

ఏడుపు రాలేదు. ముందు మెసేజ్ పక్కన టైం చూశాను.

వేరే ఎవరైనా అయితే చూడను. రత్నం అన్న కాబట్టి చూశాను. తేదీలతో అంతగా ఆడుకున్న మనిషి, చావు కబురు కూడా నమ్మబుద్ధి కాలేదు.

వదినకు ఫోన్ చేశాను. గుండెపోటు అని ఏడ్చింది.

అప్పుడు నమ్మాను. మా ఊరికి, మైపాడు బస్సెక్కాను.

రత్నం అన్న మా పెదనాయన కొడుకు. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. నా పెళ్ళిలో పొయ్యి దగ్గర నుంచి కదలకుండా వంటలు చూసుకుంది ఆయనే. అందుకే ఇంత కోపం.

నిన్నటి నుంచి మీ స్టేటస్‌లు చూస్తున్నాను. "నిజాయితీకి మారుపేరు" అట. "మాట తప్పని మనిషి" అట.

ఛీ. రాసేవాళ్ళకైనా సిగ్గుండాలి.

సంగతి తెలియని వాళ్ళ కోసం చెప్తాను.

రొయ్యలు కొనే ఒక కంపెనీలో అన్న కంప్యూటర్ ఆపరేటర్. ప్రతి రైతూ రోజూ పొద్దున్నే రొయ్యల గుంటలోంచి మేత ట్రే పైకి లాగి, రొయ్యలు మేత తిన్నాయో లేదో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాలి. అన్న వాటిని రైతుకో ఫోల్డర్ పెట్టి సేవ్ చెయ్యాలి. కంపెనీ చూసేది ఫైల్ మీదుండే తేదీ, టైం.

అన్నకూ ఒక గుంట ఉండేది. పొద్దున్నే లేవడం మాత్రం ఆయన వల్ల కాదు.

అందుకని పైథాన్ నేర్చుకున్నాడు!

లేవడానికి బద్ధకమై ప్రోగ్రామింగ్ నేర్చుకున్న మనిషిని ఇంకెక్కడైనా చూశారా? ఒక్క పూటలో నెలకు సరిపడా ఫొటోలు తీసేసేవాడు. నాలుగు లైన్ల స్క్రిప్ట్ రన్ చేస్తే ఒక్కో ఫైల్‌కి ఒక్కో రోజు తేదీ పడేది. టైం మాత్రం అన్నిటికీ పొద్దున ఆరు.

నాకు చూపించి ఒకటే మురిసిపోయాడు. "చూసినావా పాపా, సూర్యుణ్ణి నేనే లేపతా ఉండా."

చూశాను. ప్రతి ఫొటోలోనూ గట్టు మీద అదే కొంగ, అదే ఒంటికాలి మీద.

"ఏందన్నా, ఈ కొంగ నెల నుంచి కాలు దించలేదా?" అన్నాను.

"కంపెనీవోళ్ళు రొయ్యల్ని చూస్తారు గానీ కొంగని చూస్తారా" అని నవ్వాడు.

నిజమే. ఆ మహా మేధావులు కొంగను చూడనేలేదు.

మా నాయన అట్లా కాదు. రోజూ సైకిలేసుకుని గుంటకు పోయి, ట్రే లాగి, ఫొటో తీసి పంపేవాడు. ఆదివారం మాత్రం ఇంకా చీకటి ఉండగానే ఆ పని ముగించుకుని వచ్చేవాడు. ఆరింటికి మా చర్చి గంట కొట్టేది ఆయనే మరి.

ఒకరోజు అన్న ఆ స్క్రిప్ట్‌ని తన ఫోల్డర్ మీద కాకుండా, అందరి ఫోల్డర్లూ ఉన్న పెద్ద ఫోల్డర్ మీద రన్ చేశాడు. చూసుకోలేదు. చూసుకునే అలవాటుంటే ఆయన రత్నం అన్న ఎందుకవుతాడు!

ఊళ్ళో అందరి ఫొటోలకూ ఆరు గంటలు పడింది. మా నాయన ఫొటోలకు కూడా.

కంపెనీ నుంచి చెకింగ్ ఆఫీసర్ ఆదివారం పూట వచ్చాడు. అందరి టైమూ ఒకటేనేంటని అడిగితే, మిగతా రైతులు "మేం ఆరింటికే తీస్తామండీ" అని అబద్ధం చెప్పి తప్పించుకున్నారు. వాళ్ళు ఆరింటికి ఎక్కడున్నారో ఎవరికి తెలుసు?

మా నాయన ఎక్కడుంటాడో ఊరంతటికీ తెలుసు.

చర్చి ముందరే అడిగాడు ఆ ఆఫీసర్. "ఆరింటికి గంట కొట్టింది మీరే కదా. మరి అదే ఆరింటికి గుంట దగ్గర ఫొటో తీసిందెవరు?"

"నేనేనయ్యా, రోజూ నేనే తీసినా" అంటూనే ఉన్నాడు నాయన. ఫోన్ నిండిపోతుందని పంపినవి పంపినట్టే చెరిపేసేవాడు, చూపించడానికేమీ లేదు.

రత్నం అన్న పక్కనే ఉన్నాడు. ఒక్క మాట చెప్తే సరిపోయేది. ఉద్యోగం పోతుందని నోరు మూసుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

దొంగ ఫొటోలు పంపాడని కంపెనీ మా గుంట రొయ్యలు కొనడం మానేసింది. అదొక్కటే అయితే నాయన తట్టుకునేవాడు. ఆ రోజు నుంచి గంట తాడు ముట్టుకోలేదు.

"దొంగోడు గంట కొడితే ప్రార్థనకు ఎవురొస్తారమ్మా" అన్నాడు.

ఇది అన్న స్క్రిప్ట్ చేసిన పనేనని నేను ఊళ్ళో అందరికీ చెప్పాను. "మీ నాయన కాబట్టి అట్లా అంటావు, రత్నాన్ని చెప్పమను" అన్నారు. అన్నను అడిగితే "రేపు చెప్తా పాపా" అనేవాడు. ప్రతి క్రిస్మస్‌కీ కేక్ పట్టుకుని వచ్చి అదే మాట. ఊరందరి తేదీలూ మార్చిన మొనగాడికి ఆ రేపు మాత్రం రాలేదు. పిరికిపంద.

ఈ పొద్దున సమాధి చేశాం. గంట ఎవరో కొట్టారు. నాయన దూరంగా నిలబడి విన్నాడు. తర్వాత గుప్పెడు మట్టి వేసి నా వైపు తిరిగాడు.

"వొచ్చి చెప్తాడనే అనుకున్నా గదమ్మా" అన్నాడు.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

వదినను అడిగే ఇది రాస్తున్నాను. "రాయి సునీతా. నాకు చెప్పి ఏడ్చినాడు గానీ, మీ నాయన ముందరికి పోలేకపోయినాడు" అంది.

అందరూ దండ వేసిన ఫొటో పెట్టారు. నేను వదిన ఇచ్చిన కొంగ ఫొటోలు పెడుతున్నాను. వరసగా చూడండి. దొంగ ఫొటోలు ఇవి. మా నాయనవి కావు.

నిజాయితీ గురించి స్టేటస్‌లు పెట్టిన పెద్దమనుషులారా, మీకు నిజంగా అంత ఇష్టమైతే ఆదివారం లోపల మా ఇంటికి రండి. గంట కొట్టమని మా నాయనను మీ నోటితో అడగండి.

అన్నా, నువ్వు చెప్పాల్సింది నేను చెప్పేశాను. ఈ పోస్ట్ టైం జోలికి మాత్రం రావద్దు.

ఇంక ఆరింటికి నిన్నెవరూ లేపరు. హాయిగా పడుకో. దేవుడు నీకు శాంతినివ్వాలి.

మా నాయనకు కూడా.