పరిశీలనలో ఉన్న పడవ

కిందటేడాది వర్షాకాల సమావేశాలు. లోక్‌సభలో సభ్యులందరూ కనిపించే అద్దాల గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. మాది తెనాలి. బాపట్లలో కొన్నేళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, పరీక్ష రాసి ఇంటర్‌ప్రెటర్‌నయ్యాను. సభలో ఒకరు మాట్లాడుతుండగానే ఆ మాటను మరో భాషలో చెబుతూ పోవడం మా పని. సొంత మాట ఒక్కటి కలపకూడదు, ఒక్కటి మింగకూడదు.

ఆ రోజు మా తీరప్రాంత సభ్యుడొకరు లేచారు. రేపల్లె దిగువ నుంచి వేటకెళ్లిన పడవ ఇంజను చెడి, పొరుగుదేశపు జలాల్లోకి కొట్టుకుపోయింది. అందులోని వాళ్లు అక్కడ జైల్లో ఉన్నారు. ముందుగా ఇచ్చిన ప్రశ్నకు జవాబు వచ్చాక అక్కడికక్కడే అడిగేదాన్ని సప్లిమెంటరీ అంటారు. ఆయన దాన్ని తెలుగులో అడిగారు: వాళ్లను ఎప్పుడు తీసుకొస్తారని. మంత్రి ఇంగ్లీషులో బదులిచ్చారు. నేను తెలుగులో పలికాను: "ఈ విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది. అక్కడి ప్రభుత్వంతో మాట్లాడుతున్నాం."

అలాంటి వాక్యాలు రోజూ పలుకుతూనే ఉంటాం. అదీ అలాగే పలికి మరిచిపోయాను.

సమావేశాలయ్యాక రేపల్లెలో పిన్నిని చూడటానికి వెళ్లాను. పిన్ని వాళ్లింటికి ఎండుచేపలు తెచ్చే నాగమణి నా కోసమే వచ్చి కూర్చుంది. జైల్లో ఉన్న కోటయ్య ఆమె భర్త. సభ తెలుగులో వస్తుంటే ఫోన్లో విన్నదట. ఆ గొంతు నాదేనని పిన్ని చెప్పింది.

"పరిశీలనలో ఉందన్నారు గదక్కా," అంది. "ఆఫీసుల్లో ఆ మాటంటే ఇంక రావద్దని అర్థమండి. కాస్త గట్టిమాటేదైనా చెప్పలేకపోయారా?"

మంత్రి అననిది నేను అనకూడదని చెప్పాను. అయితే ఆ మాట ఆఫీసులో అన్నదానికీ సభలో అన్నదానికీ తేడా ఉందన్నాను. మంత్రి సభలో అలా అంటే దాన్ని అష్యూరెన్స్, అంటే హామీగా లెక్కిస్తారు. అలాంటి వాక్యాలన్నిటినీ రికార్డుల్లోంచి ఏరి, నెరవేర్చారా లేదా అని వెంటబడటానికి ఒక కమిటీ ఉంది. అందులో ప్రతిపక్షం వాళ్లూ ఉంటారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు అడగాలి. అవసరమైతే పెద్ద పెద్ద అధికారులు వచ్చి ఆ కమిటీ ముందు కూర్చోవాలి. ఇదంతా చదివిన సంగతే. ఆమెకు చెబుతుంటే మాత్రం నాకే కొత్తగా వినిపించింది.

నాగమణి కాస్త ముందుకు జరిగింది. "అంటే మంత్రిగారు కూడా ఒకళ్లకి చెప్పుకోవాలా అండి?"

"సభకి చెప్పుకోవాలమ్మా."

"సభంటే మేం ఓటేసి పంపినోళ్లే గదా," అంది మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు.

సైన్యం, ఖజానా, రాయబారులు అన్నీ ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఆ సభ్యుడు ఒక్క కానిస్టేబుల్‌ని కూడా ఎక్కడికీ పంపలేడు. అయినా ఆయన అడిగితే అంత ప్రభుత్వమూ లేచి నిలబడి జవాబు చెప్పాలి. సభ నమ్మకం పోయిన రోజున కుర్చీ దిగాలి. ఏళ్ల తరబడి ఆ గదిలో కూర్చుని రోజూ చూస్తున్నదే. అది ఎంత పెద్ద సంగతో రేపల్లెలో, పిన్ని వాళ్ల వరండాలో తెలిసింది.

శీతాకాల సమావేశాలకు ముందే పడవలోని వాళ్లందరూ విడుదలయ్యారు. ఆ ఒక్క వాక్యమే విడిపించిందని నేననను. అక్కడి కోర్టు, మన రాయబార కార్యాలయం, ఇంకా ఎందరో పనిచేశారు. నాగమణి ఫోన్ చేసింది. "వచ్చాడక్కా. బాగా చిక్కిపోయాడు. అన్నం తిని పడుకున్నాడు," అంది. అవతల ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

కాసేపటికి ఇంకో సంగతి చెప్పింది. వాళ్ల రేవులో సగం పడవలకు ఆపదలో కబురంపే యంత్రాలు లేవట. దాని గురించి సభలో అడగమని చెప్పడానికి, మర్నాడు మరో నలుగురు ఆడవాళ్లను తీసుకుని ఎంపీగారి దగ్గరికి బాపట్ల వెళుతోందట.

"అడిగితే వాళ్లు జవాబు చెప్పాల్సిందే గదండీ," అంది.

నాకు ఇన్నేళ్ల ఉద్యోగం నేర్పలేని పాఠం అది. సభ ఢిల్లీలో మొదలవదు.