నల్ల అట్ట మీద తెల్ల పేరు

ఈ పొద్దున చిలకలగూడలో కూరగాయలు కొంటుంటే పక్కన ఎవరో ట్యూషన్ సెంటర్ బోర్డు రాస్తున్నారు. తెల్ల రంగు వాసన ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. బెండకాయల సంచీ పట్టుకుని అలాగే నిలబడి, ఆ పెయింటరు ఒక్కో అక్షరం దిద్దుతుంటే చూశాను. దేవసహాయం గారు గుర్తొచ్చారు.

ఆయన మీలో ఎవరికీ తెలియదు. కానీ ఆ రోజుల్లో టీవీలో ఫుట్‌బాల్ చూసినవాళ్లు ఆయన చేతిరాత చూసే ఉంటారు. అప్పుడు తెరమీద పేర్లు వేయడానికి కంప్యూటర్లు ఎక్కడివి? మైదానం పక్కన నిలిపిన వ్యాన్‌లో కూర్చుని, నల్ల అట్టల మీద తెల్ల రంగుతో ఆటగాళ్ల పేర్లు రాసి పెట్టుకునేవాళ్లం. పెద్ద కెమెరా ఆటను చూస్తుంటే, చిన్న కెమెరా మా అట్టను చూసేది. రెండు బొమ్మలూ కలిపితే ఆటగాడి కాళ్ల దగ్గర పేరు వెలిగేది. గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన దేవసహాయం గారు ఆ పనికి పెద్ద. పద్మారావు నగర్ నుంచి వచ్చే నేను ఆయన కింద రోజువారీ ఆర్టిస్టును.

ఆట మొదలయ్యే ముందు ఆయన ఆటగాళ్ల దగ్గరికి వెళ్లి, "బాబూ, నీ పేరు నువ్వే చెప్పు. ఎట్లా రాయమంటావు?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. విరామంలో మళ్లీ వెళ్లేవారు. చొక్కాలు చినుగుతాయి, నంబర్లు మారతాయి. నాకు విసుగు. "లిస్టు ఉంది కదా సార్, ఎందుకీ తిప్పలు?" అన్నాను ఒకసారి. "లిస్టు రాసినాయన ఇంట్లో కూర్చుని టీవీ చూడడమ్మా. ఆ పిల్లాడి తల్లి చూస్తది," అన్నారు.

ఒక ఆదివారం ఫైనల్. ఒకటే వాన. ఆయనకు జ్వరం. విరామంలో నన్ను వెళ్లి అడిగి రమ్మన్నారు. నేను కొత్త చీర కట్టుకొచ్చాను. బురద చూసి, టెంటు దాకా వెళ్లి, చాయ్ తాగి వెనక్కి వచ్చేశాను. "అడిగావా?" అన్నారాయన. "అడిగాను సార్, మార్పులేం లేవు," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! రెండో సగంలో పద్నాలుగో నంబరు గోల్ కొట్టాడు. పద్నాలుగు అంటే నా లిస్టులో ఆంథోనీ. ఆ అట్ట పెట్టాను. వ్యాన్‌లో అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు మా టీవీ ఆఫీసు గేటు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. పేరు యాదగిరి, ఊరు కాప్రా. "మేడం, గోల్ నేనే కొట్టిన. నా అంగీ చినిగితే బయట కూసున్న ఆంథోనీది ఏసుకున్న. టీవీల వాని పేరొచ్చిందంట. మా బాపు నమ్ముతలేడు," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

వాళ్ల నాన్న మిల్లులో పనిచేసి, ఊపిరి చెడి మంచం పట్టిన మనిషి. కొడుకు ఆట పిచ్చిలో పడి పని నేర్వలేదని రెండేళ్లుగా సరిగ్గా మాట్లాడటం లేదు. ఆ ఆదివారం మాత్రం పక్కింటివాళ్లు ఆయన్ని మంచంతో సహా ఎత్తుకెళ్లి టీవీ ముందు పెట్టారు. ఆయనకు చదువు రాదు. చిన్న తెర మీద, వానలో, అందరూ ఒకేలా ఉన్నారు. గోల్ పడగానే పేరు చదవమన్నాడు. పక్కింటివాళ్లు చదివారు. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మళ్లీ చూపిద్దామంటే టేపు లేదు, ఆ మ్యాచ్‌ను ఎవరూ రికార్డు చేయలేదు.

నేను ఏడుస్తూ దేవసహాయం గారికి నిజం చెప్పాను. ఆయన చెప్పులు తొడుక్కుని, "పద, ఆయనకి చెబుదాం," అన్నారు. బస్సెక్కి కాప్రా వెళ్లాం. మంచం పక్కన కూర్చుని, తప్పు నాదేనని నేనే చెప్పాను. ఆ పెద్దాయన ఓపిగ్గా విని, "మీరు మంచోళ్లమ్మా. పోరడు బతిమిలాడితే గింత దూరం వచ్చిన్రు," అన్నాడు. జాలితో అబద్ధమాడుతున్నామనుకున్నాడు! "టీవీల రానియ్యుండ్రి, అప్పుడు నమ్ముత," అన్నాడు.

"వస్తదండీ," అన్నారు దేవసహాయం గారు.

పై అధికారి ఒప్పుకోలేదు. "అయిపోయిన ఆట. ఎవరికి గుర్తుంటుందయ్యా?" అన్నాడు. మరుసటి ఆదివారం ఇంకో మ్యాచ్ ఉంది. దేవసహాయం గారు నా ముందు ఒక నల్ల అట్ట పెట్టి, "రాయి," అన్నారు. "గత ఆదివారం గోల్ కొట్టింది యాదగిరి, కాప్రా" అని రాశాను. విరామం మొదలవగానే ఆయన దాన్ని కెమెరా ముందు నిలబెట్టారు. "ఎవరు పెట్టారది? తీసెయ్!" అని అధికారి అరిచాడు. ఆయన తీయలేదు. అట్టను రెండు చేతులతో పట్టుకుని, "ఇంకాస్త ఉండనివ్వండి సార్," అంటూనే ఉన్నారు.

ఆ సాయంత్రమే విచారణ. ఆంథోనీ పేరు వేసిన అసలు తప్పెవరిదని అడిగారు. "నాదే," అన్నారాయన. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే నా పని పోతుంది. తెరవలేదు. ఆయన్ని మైదానాల నుంచి తప్పించి స్టోరు గదిలో వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే సామాన్లు సర్దుతూ గడిపారు.

వారం తర్వాత యాదగిరి స్టోరు గదికి వచ్చాడు. "బాపు చూసిండు సార్. నన్ను సదవొద్దన్నడు. పక్కింటోళ్లతోని మూడుసార్లు సదివిపిచ్చుకున్నడు. అంతసేపున్నది సార్ అది. ఆఖర్కి నా చెయ్యి పట్టుకున్నడు," అన్నాడు. ఆ పెద్దాయన ఆ నెలలోనే పోయాడు. అది విన్న రోజున దేవసహాయం గారు కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

నేను ఉండబట్టలేక ఒకరోజు స్టోరు గదికి వెళ్లి, "సార్, నేను ఆ రోజే లేచి చెప్పాల్సింది," అన్నాను. పర్లేదులే అంటారనుకున్నాను. ఆ మాట కోసమే వెళ్లాను, సిగ్గు లేకుండా. "చెప్పాల్సిందేనమ్మా," అన్నారాయన. ఆ తర్వాత స్టూలు నా వైపు జరిపి, కూర్చోమన్నారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. నేనూ రిటైరయ్యాను. జీవితంలో ఆ తర్వాత చాలా తప్పులు చేశాను, ఎవరు చేయరు? కానీ చేయని పనిని చేశానని మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. అంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు ఒక మంచి మనిషి బతుకంతా చేసిన పని ఖర్చయింది.