తోమిపెట్టిన జల్లెడ

బళ్లారి బ్రూస్‌పేటలో పుట్టిన దేవకుమార్‌కు కూలిన విమానాల ముక్కలేరే ఉద్యోగంలోనే తల నెరిసింది. ఎక్కడ ఏది కూలినా, ఎందుకు కూలిందో తేల్చమని సర్కారు ఆయన్ను పంపేది. "పునరుత్థానం నాడు ముక్కలు కూర్చేదానికి దేవునికి కూడా నీ సాయం కావాల్నప్పా" అని పాస్టర్ ఆటపట్టించేవాడు. మొదట్లో నవ్వేవాడు. పోనుపోను నవ్వడానికీ ఓపిక లేకపోయింది.

ఇనుప గనులు జోరుమీదున్న రోజుల్లో ఒక గని కంపెనీ హెలికాప్టర్ మోక ఊరి దగ్గర చేలో కూలింది. లోపలున్నది పైలట్ శరణ్ ఒక్కడే. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. కంపెనీ మాత్రం ఆ పిల్లవాడికి కళ్లే లేవన్నట్టు తప్పంతా అతనిదేనంది.

దేవకుమార్ అనుమానం వేరు. ఇంజను గాలి పీల్చే జల్లెడను కంపెనీ శుభ్రం చేయించి ఉండదు. గనుల దుమ్ముతో అది పూడుకుపోయి ఉంటుంది. ఆ జల్లెడ ఉన్నదున్నట్టు దొరికితే శరణ్ పేరు నిలబడుతుంది.

తీరా జీపు దిగి చూస్తే చేను ఖాళీ.

"పాత ఇనుము గుజిరీవాళ్లు ఎత్తుకపోతారని మా ఇంటికి చేర్చినామప్పా" అంది చేను గల హులిగెమ్మ. ఇనుముందంటే మన్నును కూడా వదలని కాలం అది. ఆమె ఒక్క మేకు కూడా పోనివ్వలేదు. వాకిట్లో చాపమీద ముక్కలన్నీ మెరుస్తున్నాయి. జల్లెడైతే కొత్తదానిలాగే ఉంది.

"కడిగినారా?"

"కడక్కుండా ఎట్లప్పా? పోయినోళ్ల సామాను మన్నుతో ఇస్తే మాకు పాపం. ఈ జల్లెడ ఉండాదే, సందు లేకుండా మన్ను పట్టింది. చింతపండేసి నేనూ నా కోడలూ పొద్దంతా తోమినాం."

"ఆ నీళ్లేం చేసినారమ్మా?"

"దొడ్లో పారబోస్తిమి."

దొడ్డి, గోడ, కుక్క, ఆయన చొక్కా, అన్నీ గనుల దుమ్ముతో ఎరుపే. అందులో ఏ మన్ను జల్లెడదని చూపిస్తాడు? ఆమె మాట రాసుకున్నా, అది నేలమీద పడ్డాక అంటిన మన్నేనని కంపెనీ వకీలు కొట్టిపారేస్తాడు. ఆయన అక్కడే అరుగుమీద కూలబడ్డాడు. ఇక ఈ ఉద్యోగం చాలనిపించింది.

పైలట్ తప్పేనని రాయమని కంపెనీవాళ్లు ఎంత ఒత్తినా ఆయన రాయలేదు. కారణం తేలలేదని మాత్రం రాశాడు. శరణ్ వస్తువులు తీసుకోవడానికి వచ్చిన అతని భార్య ప్రతిభకు, హులిగెమ్మ వాకిట్లోనే ఆ మాట చెప్పాడు.

"తేలలేదంటే తప్పు ఆయనదే అనుకుంటారు సార్. ఎందుకు తేలలేదు?"

అంతలో హులిగెమ్మ లోపలినుంచి శరణ్ టోపీ తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. "ఒక్క రవ్వ మన్ను లేకుండా ఉతికినామమ్మా." ప్రతిభ ఆ టోపీని గుండెకు హత్తుకుని, హులిగెమ్మ భుజంమీద వాలి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ముసలి చెయ్యి ఆమె వీపు నిమురుతూనే ఉంది.

దేవకుమార్ ఆ చెయ్యి చూశాడు. చింతపండు పులుపుకు వేళ్లు ఇంకా పగిలే ఉన్నాయి.

"నాకు చేతకాలేదమ్మా" అన్నాడు.

ప్రతిభ మళ్లీ ఆయన ముఖం చూడలేదు. హులిగెమ్మే జాలిపడి చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది.