గంప కింది కుక్కపిల్ల

నేను కాపురానికి వచ్చిన ఏడాది వానలు పడలేదు. ఆ తర్వాతి ఏడూ పడలేదు. తొంభైల చివర మా వైపు అదేమంత చెప్పుకునే సంగతి కాదు. బత్తలపల్లె దగ్గర మా అత్తగారి ఊళ్లో సేద్యం కంటే గొర్రెలే ఇంటికి ఆధారం. మా పుట్టింట్లో గొర్రెల్లేవు. కుక్క అంటే వాకిట్లో పడుకుని, మిగిలిన సంగటి తినేదని మాత్రమే నాకు తెలుసు.

అత్తగారింట్లో ఒక పద్ధతి ఉండేది. మేతకు పోలేని గొర్రెపిల్లలను పగలంతా పెద్ద వెదురు గంప బోర్లించి దాని కింద ఉంచేవారు. మంద కోసం పెంచే కుక్కపిల్లను కూడా, తల్లి పాలు మానగానే, ఆ గంప కిందికే తోసేవారు. అది గొర్రెల వాసనలోనే పెరగాలి. సాయంత్రం మంద తిరిగొచ్చినప్పుడు వాటి కాళ్ల మధ్య తొక్కుళ్లూ పొడుపులూ తినాలి. ఎవరూ ఎత్తుకోకూడదు.

నేను వచ్చాక గంప కింద పెట్టిన మొదటి కుక్కపిల్లను ఒక గొర్రె పొడిస్తే అది ఎగిరిపడి కీచుమంది. నేను పరుగెత్తి ఒళ్లోకి తీసుకున్నాను. మా మామ దొడ్డి చుట్టూ ముళ్లకంప సర్దుతూ చూశాడు.

"కింద పెట్టు మ్మా. గొర్రె పొడిస్తే ఎట్ల తప్పుకోవల్లో ఆ గొర్రే నేర్పుతాది. నువ్వెత్తుకుంటే యాడ నేర్చుకుంటాది?"

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఆయన మంద వెంట పోగానే పిల్లను గంప కింద నుంచి తీసి వంటింట్లోకి తెచ్చేదాన్ని. సంగటి మజ్జిగలో పిసికి పెట్టేదాన్ని. బస్సు హారన్‌కు ఉలిక్కిపడితే చెవులు మూసేదాన్ని. పక్కింటి కుక్క మొరిగితే చంకన వేసుకుని లోపలికి పోయేదాన్ని. "దానికి రవిక కూడా కుట్టు, సరిపోతాది" అని అత్త నవ్వేది. ఆ కొత్త ఇంట్లో నన్ను చూడగానే సంతోషపడే ప్రాణి అదొక్కటే. దాన్ని కాపాడుతున్నాననే అనుకున్నాను. నా ఒంటరితనానికి దాన్ని తోడు పెట్టుకున్నానని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎండాకాలం మేత కోసం మందను పామిడి వైపు, పెన్న ఒడ్డుకు తోలుకుపోయారు. దారిలో తోడేళ్ల భయం. ఉన్న ముసలి కుక్కకు చూపు తగ్గింది. అందుకని నా కుక్కనూ వెంట తీసుకుపోయారు. అప్పటికి అది ఒడ్డూ పొడుగూ పెరిగింది. నేను పాత చీర అంచు చించి దాని మెడకు కట్టి, గర్వంగా పంపాను.

నెల తిరక్కుండానే మామ ఒక్కడే ఇంటికి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, పంచె మడతలోంచి ఆ చీర అంచు తీసి నా ముందు పెట్టాడు.

"రోడ్డు దాటుతాంటే లారీవాడు హారన్ కొట్టినాడు. గొర్రెలన్నీ దాటినాయి. ఇది బెదిరి నడిరోడ్డులో కూలబడింది. ఎంత పిలిచినా లేయలేదు మ్మా."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. భయమేస్తే కూర్చుంటే చాలు, ఎవరో వచ్చి ఎత్తుకుంటారని దానికి నేర్పింది నేను. ఆ రోడ్డు మీద అది నా కోసమే కూర్చుంది.

మరుసటి ఏడు ఇంకో పిల్ల వచ్చింది. దాన్ని నేనే గంప కింద పెట్టాను. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటాండావని అత్త అంది. గొర్రె పొడిచి పిల్ల అరిచినప్పుడల్లా గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని. పది రోజులకు అది గొర్రె తల వంచడం చూసి ముందే పక్కకు తప్పుకోవడం నేర్చింది.

రోడ్డు సంగతి మాత్రం నా సొంత ఆలోచన. ఊళ్లో బోర్లు ఎండిపోయి, నీళ్ల ట్యాంకరు రోడ్డు పక్కకు వచ్చేది. కుక్కపిల్లను రోజూ నా వెంట అక్కడికి నడిపించాను. మొదటి రోజు లారీ పోతుంటే అది నా కుచ్చిళ్లలో దూరి వణికింది. చేతులు ఖాళీగా ఉంటే దాన్ని ఎత్తుకోవడానికి వంగుతాయని బిందెను రెండు చేతులా పొట్టకు అదుముకుని నిలబడ్డాను. కసరలేదు, బుజ్జగించలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. వారం తర్వాత అది కుచ్చిళ్లలోంచి తల బయట పెట్టింది. ఇంకొన్నాళ్లకు బిందెల వరుస పొడుగునా తిరిగి ఆడవాళ్ల కాళ్లన్నీ వాసన చూసి వచ్చేది. తర్వాత్తర్వాత లారీ వస్తే చెవులు నిక్కించి, అది పోయేదాకా ఆగి, మళ్లీ తన పని చూసుకునేది.

ఎండాకాలం మళ్లీ మంద కదిలింది. దాని మెడకు నేనేమీ కట్టలేదు. రోడ్డు దాకా వెంట వెళ్లాను. సగం గొర్రెలు దాటాక మలుపు దగ్గర లారీ హారన్ మోగింది. కుక్క ఆగింది. లారీ వైపు చూసింది. వెనకబడిన గొర్రెపిల్లకు అడ్డం నిలబడి, లారీ పోయాక దాన్ని ముందు పెట్టుకుని రోడ్డు దాటింది.

"ఇది బతుకుతాది మ్మా" అన్నాడు మామ, నా వైపు చూడకుండానే.

మంద అవతలి బీడులోకి దిగింది. దుమ్ములో దాని వీపు కాసేపు కనిపించింది. అది ఒక్కసారీ వెనక్కి చూడలేదు. చూసి ఉంటే, నేను పిలిచేదాన్ని.