ఊపిరి తీసుకోని దీపాల అవ్వ

స్టూడియోలో ఆమెను అందరూ కత్తెర అంటారు. ఆ పేరు చేసే పని వల్ల వచ్చిందో, నోటి వల్ల వచ్చిందో ఇంకా తేలలేదు. సినిమాలకూ, ప్రకటనలకూ, ఈ మధ్య కంప్యూటర్ ఆటలకూ గొంతులు రికార్డు చేసే చోటది. రికార్డైన మాటల్ని శుభ్రం చెయ్యడం ఆమె పని. నాలుక తడబడిన చోటు, కుర్చీ కిర్రుమన్న చోటు, ఆకలితో కడుపు గుర్రుమన్న చోటు కోసి పారేస్తుంది. ఒక్క ఊపిరి జోలికి మాత్రం పోదు. మాటకు ముందు మనిషి లోపలికి తీసుకునే ఆ కాస్త గాలినీ కోసేస్తే, మాట్లాడేది మనిషో, రైల్వే ప్లాట్‌ఫారం మీద మోగే ప్రకటనో తెలియదని ఆమె వాదన. పని నేర్చుకోవడానికొచ్చిన వాళ్ళెవరైనా పొరపాటున ఊపిరి కోశారంటే ఆ పూట వాళ్ళకు టీ కూడా గొంతు దిగదు, అన్ని చీవాట్లు పెడుతుంది.

అలాంటి మనిషి ఒకరి ఊపిరి మాత్రం వరుసపెట్టి కోసింది. ఆ ఒకరూ స్వయానా ఆమె అత్తగారు.

అత్తగారు కూడా ఆ స్టూడియో మనిషే. కత్తెర అక్కడ అడుగు పెట్టకముందు నుంచీ గొంతు అరువిస్తోంది. టీ గదిలో తనతో సమానంగా గొడవకు దిగిన పిల్లను చూసి, "మా పెద్దవాడు నోట్లో నాలుక లేనివాడు. ఇంటికి ఇలాంటి నోరొకటి కావాలి" అని కోడల్ని చేసుకుంది. ఇంట్లో ఆ రెండు నోళ్ళకూ పడిన రోజు తక్కువ, పడకపోయినా ఒకరిని విడిచి ఒకరికి గడవదు. పెద్దకొడుకు లారీ తోలుతాడు. వారానికి నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు, అదృష్టవంతుడు.

పనిలో మాత్రం అత్తగారిది జీవితమంతా గుంపులో గోవింద. బస్సులో గొణిగే ప్రయాణికురాలు, ఆస్పత్రి వరండాలో ఏడ్చే బంధువు, వెనకనుంచి "అయ్యో పాపం" అనే ఆడమనిషి, అన్నీ ఆవిడే. పేరున్న పాత్ర ఒక్కటీ రాలేదు. వచ్చిందల్లా వయసు మళ్ళాక, ఒక ఆటలో దీపాలమ్మే అవ్వ. ఆ ఆటలో వీరుడు చీకటి పట్టిన ఊళ్ళు దాటుకుంటూ పోతుంటాడు. ప్రతి వంతెన దగ్గరా ఈ అవ్వ ఎదురై, ఒక దీపం చేతిలో పెట్టి, నాలుగు మాటలు చెప్పి పంపుతుంది.

చిన్న పాత్రే. కానీ ఆ కథలో వెలుగునిచ్చే దేవత తప్పిపోయింది. మనిషి వేషంలో ఎక్కడో దాక్కుందని మొదటి భాగంలో చెప్పి, ఎవరో చెప్పకుండా వదిలేశారు. ఇంకేముంది, ఆడేవాళ్ళు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. గొర్రెలు కాసే పిల్ల అని కొందరు, గుడ్డి కమ్మరి అని కొందరు. దీపాల అవ్వే దేవత అనే జట్టుకు నాయకుడు మరెవరో కాదు, కత్తెర మరిది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. వెంట్రుకంత గీత ఉన్నా వాడి కంట పడుతుంది. ఇంటికొచ్చాక ఆ ఆట గురించి వీడియోలు చేస్తాడు. పెళ్ళి చేసుకోరా అంటే ముందు దేవత ఎవరో తేలనీ అంటాడు.

రెండో భాగం రికార్డింగులో మొదలైంది అసలు కథ. అత్తగారు మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీస్తుంటే కత్తెరకు హెడ్‌ఫోన్లో సన్నగా గరగర వినిపించింది. జలుబేమో అనుకుంది. తర్వాతి వారం ఇంకాస్త పెరిగింది. ఆ పై వారం డైరెక్టరే తలెత్తి, "ఏదో గీక్కుంటున్న శబ్దం వస్తోంది, ఏసీయా?" అన్నాడు.

"ఏసీయే సార్" అంది కత్తెర. ఆ అబద్ధం నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆమెకే తెలియదు.

టీ గదిలో అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు వినబడుతోందని నాకు తెలుసే. ఎవరితోనూ అనకు. డైరెక్టరుకి తెలిస్తే ఇంకో గొంతు వెతుక్కుంటాడు. నా కొడుకులకి తెలిస్తే మంచానికి కట్టేస్తారు. మూడో భాగం కూడా కానీ. ఆ తర్వాత నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా."

"అప్పటిదాకా ఏం చెయ్యమంటారు?"

"కోసెయ్. నీకు చేతకాని పనా?"

కత్తెర మాటిచ్చింది. ఇచ్చినందుకు తనను తాను తిట్టుకుంటూనే కోసింది. గరగరను విడిగా తియ్యడం కుదరలేదు, అది ఊపిరంతా అల్లుకుపోయింది. అందుకని ఊపిరికి ఊపిరే తీసేసి, ఆ ఖాళీలో ఎవరూ మాట్లాడని గది నిశ్శబ్దాన్ని అతికించింది. అతుకు ఎవరూ పట్టుకోలేరనుకుంది. ఇంట్లో అద్దాలు అరగదీసేవాడు ఒకడున్నాడని మరిచిపోయింది.

రెండో భాగం విడుదలయ్యాక ఒక ఉదయం వాడు హెడ్‌ఫోన్లు మెడలో వేలాడేసుకుని వంటింట్లోకి ఊడిపడ్డాడు. "వదినా, దొరికింది! అవ్వ ఊపిరి తీసుకోదు! మిగతా అందరూ తీసుకుంటారు. అవ్వ ఒక్కత్తే తీసుకోదు. దేవతకి ఊపిరితో పనేముంది?"

కత్తెర పొయ్యి మంట తగ్గించింది. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ పెంచింది. "ఆ సంగతి ఎక్కడా ఎత్తకు" అంది.

"ఎత్తకూడదా? వదినా, అది నా బ్రహ్మాస్త్రం!"

ఎత్తాడు. రెండు రోజుల్లో ఆ వీడియో ఎక్కడెక్కడికో పాకింది. లోకంలో పని లేనివాళ్ళు ఇంతమంది ఉన్నారా అని కత్తెర ఆశ్చర్యపోయింది. గొర్రెల పిల్ల జట్టు తరఫున ప్లీడరు అనే ఆయన సవాలు విసిరాడు. సెలవు రోజు మధ్యాహ్నం, అందరూ చూస్తుండగా, ముఖాముఖి వాదన. ఈ ప్లీడరు ఏం పని చేస్తాడో ఎవరికీ తెలియదు. ముఖం చూపించడు. ఎదుటివాడు గొంతు పెంచిన కొద్దీ ఈయన గొంతు తగ్గిస్తాడని పేరు.

అత్తగారి ఆనందానికి మాత్రం పట్టపగ్గాల్లేవు. "నేను దేవతనటే!" అని మంచం మీదే తల దువ్వుకుంది. ఆ రెండు మాటలు అనడానికి మధ్యలో ఒకసారి ఆగింది. మంచం నుంచి గుమ్మం దాకా నడిచినా ఇప్పుడు ఆగుతోంది.

వాదన మొదలయ్యే ముందు కత్తెర మధ్య గదిలోకి వెళ్ళి గొంతు తగ్గించి అడిగింది. "ఇప్పుడే చెప్పేద్దాం అత్తయ్యా. పదిమందిలో తెలిసేకంటే నయం కదా."

"ఎవరు తెలుసుకుంటారు? వాళ్ళకి కావాల్సింది దేవత. ముసలిదాని రోగం కాదు."

"నాకు భయంగా ఉంది."

"భయపడు. నోరు మాత్రం విప్పకు" అంది అత్తగారు, ఫోన్లో ఆ ప్రసారం పెట్టుకుంటూ.

ముందు గదిలో మరిది మైకు ముందు కూర్చున్నాడు. తలుపు ఓరగా ఉంది. కత్తెర గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. అక్కణ్ణుంచి ఇటు మంచమూ కనిపిస్తుంది, అటు మరిది వీపూ కనిపిస్తుంది.

వాడు బాగానే మొదలుపెట్టాడు. అవ్వ ఇచ్చిన దీపం వానలోనూ ఆరదన్నాడు. అవ్వ నీడ రాళ్ళ మీద పడదన్నాడు. చివరికి ఊపిరి లేని ఆ మాటలు వినిపించాడు. అత్తగారి గొంతు ఇల్లంతా నిండింది, తెంపు లేకుండా, ఎక్కడా అలుపు లేకుండా. చూసేవాళ్ళు తెర మీద చప్పట్ల బొమ్మలు కురిపించారు.

ప్లీడరు అంతా అయ్యేదాకా ఆగాడు. "మొదటి భాగంలో అవ్వ ఊపిరి తీసుకుంటుంది కదండీ?" అన్నాడు.

"తీసుకుంటుంది. నేననేదీ అదే! రెండో భాగంలో మానేసింది. దేవత బయటపడుతోంది."

"సరే. ఈ ఆటలో బయటపడ్డ దేవుళ్ళు ఇంకా ఉన్నారు. యుద్ధదేవుడు ఊపిరి తీసుకుంటాడు. సముద్రదేవత నిట్టూరుస్తుంది కూడా. వాళ్ళకి లేని నియమం ఈవిడకెందుకు?"

మరిది తెర మీద ఆ దేవుళ్ళ మాటలు వెతకబోయాడు.

"నేను వేరేలా అనుకుంటున్నాను" అంది ఆ నెమ్మది గొంతు. "మానేసింది అవ్వ కాదు. రికార్డు చేశాక ఎవరో కోశారు. ఇంతమంది గొంతుల్లో ఈ ఒక్క గొంతుకే కోశారు. మనకి వినపడకూడనిది ఆ ఊపిరిలో ఏదో ఉండి ఉంటుంది. ఏమిటంటారు?"

గొంతు తగ్గించి అడిగినా అది చిన్న ప్రశ్న కాదు. ఇటు మంచం మీద అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంటోంది. నవ్వు కాదు, దగ్గు. ఆపుకుంటున్న కొద్దీ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

ఎదురుగా తెర మీద ఏమైంది, ఏమైంది అని మాటలు పరుగెడుతున్నాయి. మరిది వాటిని చూడ్డం లేదు. అవ్వ గొంతు ఎవరిదో వాడికి తెలుసు. ఆ గొంతును శుభ్రం చేసేది ఎవరో కూడా తెలుసు. మెల్లగా వెనక్కి తిరిగి, మైకును చేత్తో మూసి పట్టుకున్నాడు.

"వదినా. ఎందుకు కోశావు?"

మంచం మీంచి అత్తగారు తల అడ్డంగా ఊపింది. కళ్ళెర్రజేసింది. ఆ కళ్ళలో బెదిరింపు కంటే బతిమాలడం ఎక్కువ ఉంది. జీవితమంతా గుంపులో నిలబడ్డ మనిషి, ఇప్పటికి ఇంతమంది నోళ్ళలో పడింది. ఇంకొక్క భాగం. ఒక్క అబద్ధం చాలు, కంపెనీ కొయ్యమంది అంటే సరిపోతుంది. ఏసీయే సార్ అన్నంత తేలిక.

"అత్తయ్యకి ఊపిరి ఆడటం లేదు" అంది కత్తెర. "చాలా రోజుల నుంచి. నేను వింటూనే ఉన్నాను."

వాడి ముఖంలోకి చూడలేకపోయింది. వాడు మైకు మీంచి చెయ్యి తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ దేవత కాదండీ" అన్నాడు. "మనిషే. నేను ఓడిపోయాను."

తెర మీద తిట్లూ, ఈలలూ, గెలిచామన్న కేకలూ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. ప్లీడరు మాత్రం గెలిచినట్టు మాట్లాడలేదు. "ఆవిడ బాగానే ఉన్నారా?" అని అడిగాడు. మరిది జవాబు చెప్పకుండా ప్రసారం ఆపేశాడు.

ఆస్పత్రికి వెళ్ళే దారిలో, కారు వెనక సీట్లో, అత్తగారు కోడలి వైపు తిరగనైనా తిరగలేదు. కిటికీలోంచి చూస్తూ, ఆగి ఆగి, "ఇక ఆ దీపాలు ఇంకెవరో అమ్ముకుంటారు" అంది. నిజంగానే ఇంకెవరో అమ్ముకుంటారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అత్తగారికి బదులు చెప్పకుండా ఊరుకోవడం కత్తెరకు అలవాటు లేదు. ఆ రోజు ఊరుకుంది.

డాక్టరమ్మ వీపు మీద గొట్టం ఆనించి, "గట్టిగా పీల్చి వదలండి" అంది. అత్తగారు ముక్కుతో ఇంత, చప్పుడు కాకుండా, మైకు ముందు ఎలా తీసుకోవాలో అలా తీసుకుంది. ఇంకా గట్టిగా అంటే మళ్ళీ అంతే తీసుకుంది. ఇన్నేళ్ళ పనివాటం, దాచడం ఎలాగో ఆవిడకు బాగా తెలుసు.

"దాచకండి అత్తయ్యా" అంది కత్తెర. "ఇక్కడ నేనేం కొయ్యలేను."

అత్తగారు అప్పుడు తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. కోపం పోలేదు, కానీ నోరు తెరిచి ఛాతీ నిండా పీల్చింది. అది గరగరమని మొదలై, మధ్యలో ఈలగా సాగి, చివర దగ్గులో విరిగిపోయింది. మరిది గోడ వైపు తిరిగాడు. కత్తెర కదలకుండా నిలబడింది. ఇన్నాళ్ళూ కంప్యూటర్ తెర మీద ఆ శబ్దపు గీత కనిపించగానే మిగతాది వినకుండా కోసేసేది. మొదటినుంచి చివరిదాకా వినడం ఆమెకు అదే మొదటిసారి.